గణక గవాక్షం: పదహారు అంటే ఎవరు?

విశాఖపట్నం నుండి హైదరాబాదుకు రాత్రి ప్రయాణం పెట్టుకొన్నవారెవరైనా "గోదావరికి వెళుతున్నాము" అంటారే కాని, "పన్నెండువేల ఏడువందల ఇరవై ఏడుకు వెళుతున్నాము" అనరు. 2010 డిసెంబరులో రైల్వేవారు ప్రయాణికుల బండ్ల సంఖ్యలను ఐదు అంకెలకు పెంచినప్పుడు, అంతవరకు 2727గా ఉన్న ఆ బండి 12727 అయింది. ప్రయాణికులలో ఎవరూ కంగారు పడలేదు. వారికి తెలిసినది గోదావరి. కంగారు పడినది, పాత సంఖ్యను చీటీ మీద వ్రాసి జేబులో పెట్టుకొని, దానితోనే రిజర్వేషను ఫారము నింపడానికి ప్రయత్నించిన మా వంటి వారు మాత్రమే.

ఈ నెల గవాక్షంలో చెప్పదలచిన విషయము ఇటువంటిదే. షెల్ స్క్రిప్టులలో సంకేతాలను వాటి అంకెలతో కాక పేర్లతో వ్రాయడం గురించి. చూడబోతే అతి చిన్న విషయము. ఒక పంక్తిలో ఒక అంకెను చెరిపి దాని స్థానంలో నాలుగు అక్షరాలు వ్రాయడమే. అయితే ఆ ఒక్క అంకె కారణంగా కొన్ని వందల ఇళ్లలో ఆ నెల రావలసిన సొమ్ము రాకుండా పోయే స్థితి ఏర్పడడం మేము కళ్లారా చూశాము. ఆ సంగతి ముందుకు చెబుతాము.

కార్యాలయానికి దూరంగా ఉండి ఈ శీర్షికను చదివే మన కుటుంబ సభ్యుల కోసం రెండు మాటలు. కంప్యూటరుకు ఒకదాని తరువాత ఒకటిగా ఇవ్వవలసిన ఆజ్ఞలను ఒక ఫైలులో వరుసగా వ్రాసిపెట్టుకొంటే దానిని షెల్ స్క్రిప్టు అంటారు. వంటింట్లో రేపటి ఉదయానికి చేయవలసిన పనులను రాత్రే చీటీ మీద వ్రాసి తలుపుకు అంటించినట్టు. మన సంస్థల వంటి చోట్ల జీతాల లెక్క, స్టోర్సు నిలువల లెక్క, నకళ్లు తీసి భద్రపరచడం వంటి పనులన్నీ మనము నిద్రపోయే వేళ ఇటువంటి చీటీల మీదనే నడుస్తాయి. యూనిక్స్ జాతికి చెందిన యంత్రాలలో, అంటే లినక్స్, సొలారిస్, ఏఐఎక్స్ మొదలైన వాటిలో, ఇది నిత్యకృత్యము. మరొక మాట. ఆజ్ఞలను మేము ఇక్కడ తెలుగు లిపిలో వ్రాస్తున్నాము. యంత్రం మీద వాటిని ఆంగ్ల అక్షరాలతోనే కొట్టవలెనని వేరే చెప్పనక్కరలేదు.

ఇక సంకేతము. ఒక ప్రోగ్రాము తన పనిలో తాను మునిగి ఉండగా, బయటినుండి దానికి ఏదైనా తెలియజేయవలసి వస్తే భుజం తట్టి చెప్పినట్టు ఒక చిన్న కబురు పంపవచ్చును. ఆ కబురులో మాటలుండవు. ఫలానా రకము కబురు అన్న ఒక్క ముక్క మాత్రమే ఉంటుంది. మీట నొక్కి పనిని మధ్యలో ఆపివేసినప్పుడు వెళ్లేది 'ఇంట్'. మర్యాదగా ముగించుకొమ్మని చెప్పేది 'టెర్మ్'. టెలిఫోను తీగ మీద పనిచేసే రోజులలో అవతలివారు ఫోను పెట్టివేస్తే వెళ్లేది 'హప్'. అంటే హ్యాంగప్. ఫోను తీగలు పోయినా పేరు మిగిలింది; నేడు ఎన్నో సర్వర్ ప్రోగ్రాములు ఆ 'హప్'ను "నీ అమరికల ఫైలును మరల చదువుకో" అన్న అర్థంలో స్వీకరిస్తున్నాయి. ప్రోగ్రాము వ్రాసినవారు తమ ఇష్టం వచ్చిన అర్థం ఇచ్చుకోవడానికి ప్రత్యేకించి రెండు సంకేతాలను ఖాళీగా విడిచిపెట్టారు. వాటిని 'యూఎస్ఆర్1', 'యూఎస్ఆర్2' అంటారు. మన కథంతా ఈ మొదటిదాని చుట్టూ తిరుగుతుంది.

ఈ కబుర్లను పంపే ఆజ్ఞ పేరు 'కిల్'. పేరు వింటే భయం వేస్తుంది. కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఆ ఆజ్ఞ ఇవ్వడానికి చాలాసేపు సంకోచించి, "సార్, నిజంగానే చంపేయమంటారా?" అని అడిగింది. నిజానికి అది చంపేది కాదు, కబురు చేరవేసేది. కబురు అందుకొన్న ప్రోగ్రాము దానిని పట్టించుకొనే ఏర్పాటు చేసుకోకపోతే, చాలా సంకేతాల విషయంలో ఫలితము చావే గనుక ఆ పేరు స్థిరపడింది. కబురును అందుకొని తగినట్టు మసలుకొనే ఏర్పాటును స్క్రిప్టులో చేసేది 'ట్రాప్' అనే ఆజ్ఞ.

అంకెల సంగతి ఎక్కడ వచ్చిందంటే, యంత్రం లోపల ప్రతి సంకేతానికీ ఒక సంఖ్య ఉంటుంది. 1979లో బెల్ లేబొరేటరీస్ నుండి వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులో ఒకటి మొదలు పదిహేను వరకు సంకేతాలుండేవి. ఆ కూర్పుతోనే వచ్చిన బోర్న్ షెల్లులో 'ట్రాప్'కు అంకెలు మాత్రమే చెప్పవలసి ఉండేది. ఒక తరం ప్రోగ్రామర్లు 0, 1, 2, 3, 15 అని మంత్రంలాగ కంఠస్థం చేసి, తాత్కాలిక ఫైళ్లను తుడిచివేసే పంక్తి చివర ఆ ఐదింటినీ చేర్చేవారు. మాకు కూడా ఆ పంక్తి అర్థం తెలియకముందే నోటికి వచ్చింది. పెద్దలు వ్రాసిన స్క్రిప్టునుండి నకలు తీయడమే ఆనాటి చదువు.

ఏడవ కూర్పు తరువాత యూనిక్స్ వంశం రెండు శాఖలైంది. ఏటీ అండ్ టీ వారిది ఒకటి, కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం వారిది మరొకటి. పదిహేను దాటిన తరువాత కొత్త సంకేతాలకు ఎవరికి తోచిన సంఖ్యలు వారు ఇచ్చుకొన్నారు. అన్నదమ్ములు వేరుపడి, ఎవరింటికి వారు సున్నం వేసుకొన్నట్టు. 1991లో ఫిన్లాండులో ప్రారంభమైన లినక్స్ ఇంకొక వరుస ఏర్పరచుకొంది. దాని ఫలితము ఈనాటికీ మన ముందున్నది. 'యూఎస్ఆర్1' సంఖ్య సొలారిస్, హెచ్‌పీ-యూఎక్స్‌లలో 16. ఫ్రీబీఎస్‌డీ, ఆపిల్ వారి మ్యాక్ యంత్రాలు, ఐబీఎం వారి ఏఐఎక్స్ వీటన్నిటిలో 30. మన బల్లలమీది సాధారణ పీసీలలో నడిచే లినక్స్‌లో 10. పోనీ లినక్స్ అంతటా అయినా ఒకటేనా అంటే, అదీ కాదు. మిప్స్ ప్రాసెసరు మీది లినక్స్‌లో 16, స్పార్క్ మీది లినక్స్‌లో 30. అదే 10వ సంఖ్య సొలారిస్‌లోను ఫ్రీబీఎస్‌డీలోను 'బస్', అంటే జ్ఞాపకశక్తిని చేరరాని రీతిలో చేరబోయిన దోషానికి గుర్తు.

వీటన్నిటిలోకి మమ్మల్ని ఎక్కువగా నిలవేసినది 19. లినక్స్ పీసీ మీద 19 అంటే 'స్టాప్', ఉన్నచోటనే ఆగు అని. ఫ్రీబీఎస్‌డీ మీద, మ్యాక్ మీద 19 అంటే 'కాంట్', ఆగినది మరల సాగు అని. సొలారిస్‌లో అది విద్యుత్తు సరఫరాకు సంబంధించిన కబురు. ఒకే అంకె ఒకచోట 'ఆగు', ఇంకొకచోట 'సాగు'. విజయవాడలో ఎరుపు దీపానికి ఒక అర్థం, కాజీపేటలో దానికే వ్యతిరేకార్థం ఉంటే రైలు నడిపేవారి గతి ఏమిటో ఊహించుకోవచ్చును.

ఇప్పుడు ఆ సంఘటన. అది ఏ కార్యాలయమో, ఏ సంవత్సరమో చెప్పవలసిన అవసరం లేదు. తప్పు మాది కనుక చెప్పే అధికారం మాత్రం మాకున్నది.

అక్కడ చాలా కాలంగా సొలారిస్ యంత్రం మీద జీతాల లెక్క నడుస్తూ ఉండేది. లెక్క కట్టే ప్రోగ్రాము సీ భాషలో వ్రాయబడింది. దానిని నడిపే చీటీ, అంటే షెల్ స్క్రిప్టు, మేము వ్రాసినది. రాత్రి రెండు గంటలకు నకళ్లు తీసే పని మొదలవుతుంది. అప్పటికి లెక్క పూర్తికాకపోతే, జాబితా ఫైలు సగం వ్రాయబడుతూ ఉండగా దానికి నకలు తీయడం ప్రమాదము గనుక, ప్రోగ్రాముకు ముందుగా ఒక కబురు పంపే ఏర్పాటు ఉండేది. 'యూఎస్ఆర్1' అందగానే ప్రోగ్రాము చేతిలో ఉన్న పేరును పూర్తిచేసి, ఫైలును పద్ధతిగా మూసి, నకలు తీయడం అయ్యేవరకు నిరీక్షించి, మరల కొనసాగిస్తుంది. స్క్రిప్టులో మేము దానిని 'కిల్ -16' అని వ్రాశాము. ఎందుకు పేరు వ్రాయలేదంటే, పదహారు అని అందరికీ తెలిసినదే కదా అనుకొన్నాము. ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. ఆ గది దాటితే ఎవరికీ తెలియదని అప్పుడు తోచలేదు.

కొన్నేళ్లకు ఆ పాత యంత్రాన్ని తీసివేసి లినక్స్ సర్వరు తెచ్చారు. సీ ప్రోగ్రామును కొత్త యంత్రం మీద మరల కంపైలు చేశారు. ఆ ప్రోగ్రాములో సంకేతాన్ని పేరుతోనే వ్రాశారు గనుక, కంపైలరు ఆ పేరుకు కొత్త యంత్రంలోని సంఖ్య ఏదో చూసుకొని 10 అని తనంతట తాను సరిచేసుకొంది. స్క్రిప్టు మాత్రం యథాతథంగా నకలు చేయబడింది. ప్రోగ్రాము పదవ నంబరు తలుపు దగ్గర ఎదురుచూస్తున్నది. స్క్రిప్టు పదహారవ నంబరు తలుపు కొడుతున్నది.

అయినా మూడు నెలలు ఏమీ జరగలేదు. కొత్త యంత్రం వేగము ఎక్కువ. నెలవారీ జీతాల లెక్క అర్ధరాత్రి దాటకముందే ముగిసేది. రెండు గంటలకు కబురు పంపడానికి అసలు ప్రోగ్రామే ఉండేది కాదు. పరీక్షించినప్పుడు కూడా చిన్న జాబితాతోనే పరీక్షించాము. ఆ తరువాత వేతన సవరణ బకాయిల లెక్క వచ్చింది. పనిలో ఉన్నవారు, మధ్యకాలంలో పదవీ విరమణ చేసినవారు, అందరికీ నెలనెలకూ తేడా కట్టి కూడవలసిన లెక్క. ఆ రాత్రి రెండు గంటలకు ప్రోగ్రాము ఇంకా నడుస్తూనే ఉన్నది.

లినక్స్ పీసీలో 16 అంటే 'స్టాక్ ఫాల్ట్' అని పిలిచే, దాదాపు ఎవరూ వాడని ఒక సంకేతము. దానిని అందుకొనే ఏర్పాటు ప్రోగ్రాములో లేదు. ఏర్పాటు లేనప్పుడు యంత్రం చేసేది ఒక్కటే, ప్రోగ్రామును అక్కడికక్కడే ముగించివేయడం. ఫైలు మూయబడలేదు. వ్రాయడానికి సిద్ధంగా పోగుచేసుకొన్న పంక్తులు గాలిలో కలిసిపోయాయి. నకళ్లు తీసే పని ఆ సగం ఫైలుకు బుద్ధిగా నకలు తీసింది. ఎక్కడా ఎర్రని అక్షరాలు లేవు, గంట మ్రోగలేదు. లాగ్ ఫైలు అడుగున 144 అన్న ఒక అంకె మాత్రం ఉన్నది.

ఉదయం పదకొండు గంటలకు పద్దుల విభాగం పర్యవేక్షకురాలు జాబితా కాగితాలతో మా గదికి వచ్చారు. పదవీ విరమణకు ఏడాది కూడా లేని మనిషి. కంప్యూటరు గది గడప తొక్కడం ఆమెకు ఇష్టం ఉండదు.

"ఏమండీ, దీనికి తోక లేదేమిటి?" అన్నారు.

"జాబితా పూర్తిగానే వచ్చిందండీ. యంత్రం తప్పేమీ చూపలేదు" అన్నాము.

"యంత్రం సంగతి నాకు తెలియదు బాబూ. అడుగున మొత్తం లేని కాగితం మీద నేను సంతకం పెట్టను" అని కాగితాలు మా బల్ల మీద పెట్టి, ఆఖరి పుట తిప్పి వేలు పెట్టి చూపించారు.

ఆఖరి పంక్తిలో ఒక సత్యనారాయణగారి పేరు 'సత్యనా' దగ్గర తెగిపోయి ఉన్నది. జాబితా ఆంగ్ల అక్షరక్రమంలో ఉండేది. ఎస్ అక్షరం మధ్యలో తెగిందంటే మన తెలుగువారిలో ఎంతమంది మిగిలిపోయినట్టు! సుబ్బారావులు, సూర్యనారాయణలు, వెంకటేశ్వర్లు, వెంకటలక్ష్ములు, యాదగిరులు అందరూ అవతలనే ఉండిపోయారు. ఆ రోజు మధ్యాహ్నము బ్యాంకుకు వెళ్లవలసిన ఫైలు అది. ఆమె ఆపకపోతే వెళ్లి ఉండేది. అదే వరండాలో అప్పటికే ఒక విశ్రాంత ఫిట్టరు పాస్‌బుక్కు పట్టుకొని బెంచీ మీద కూర్చొని ఉన్నారు. వారం రోజులుగా వస్తున్నారు. ఇంటికి పైకప్పు మార్పించే పనిలో ఉన్నామని, మేస్త్రికి మాట ఇచ్చామని మాకు అంతకుముందే చెప్పి ఉన్నారు. ఆయన పేరు వి అక్షరంతో మొదలవుతుంది.

మిగిలిన రోజంతా ఆ 144 దగ్గర కూర్చొన్నాము. 144 అనగానే మనకు తోచేది నలుగురు గుమికూడరాదన్న నిషేధాజ్ఞ. మాలో ఒకరు ఆ పరిహాసమే ఆడారు కూడా. ఇప్పుడు తలచుకొంటే ఆ పరిహాసంలోనే జవాబు ఉన్నదనిపిస్తుంది. 2024 జూలై 1వ తేదీన కొత్త చట్టాలు అమలులోకి వచ్చిన తరువాత అదే నిషేధాజ్ఞ భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షను అయింది. మోసగాడికి మారుపేరైన 420 కూడా భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షనుకు తరలిపోయింది. నిషేధాజ్ఞ, మోసము అన్న పేర్లు మాత్రం ఎక్కడివక్కడనే ఉన్నాయి. పాత సంఖ్యతో ఎవరైనా నోటీసు తయారుచేస్తే అది కొత్త పుస్తకంలో ఇంకేదో సెక్షనును చూపుతుంది.

మన 144 సంగతి ఇది. ప్రోగ్రాము సంకేతం వల్ల ముగిసిపోతే, సాధారణంగా షెల్లు దాని ఫలితాన్ని 128కి ఆ సంకేతపు సంఖ్యను కలిపి చూపుతుంది. 144 నుండి 128 తీసివేస్తే 16. తీసివేత కూడా మనము చేయనక్కరలేదు. 'కిల్ -ఎల్ 144' అని అడిగితే షెల్లే ఆ సంకేతపు పేరు చెబుతుంది. ఆ సాయంత్రం అలా అడిగిన తరువాతనే, మేము కలలో కూడా విననటువంటి స్టాక్ ఫాల్ట్ పేరు తెరమీదకు వచ్చింది. అన్ని షెల్లులూ ఈ 128 లెక్కనే పాటించవు. కార్న్ షెల్లు 1993 కూర్పు 256 కలుపుతుంది. అంతర్జాతీయ ప్రమాణం చెప్పేదల్లా ఆ ఫలితం 128 కంటె ఎక్కువ ఉండాలని మాత్రమే. అందువలన స్క్రిప్టు లోపల 143తోనో 144తోనో పోల్చి చూడడం కంటె 'కిల్ -ఎల్'ను అడగడమే నమ్మదగిన పద్ధతి.

లెక్కను ఆ రాత్రి మరల నడిపాము. మొత్తం ఉన్న కాగితం మీద పర్యవేక్షకురాలు సంతకం చేశారు. ఒక రోజు ఆలస్యమైంది, అంతే. అడుగున మొత్తం చూసే అలవాటు ఆమెకు లేకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ మనసొప్పదు.

స్క్రిప్టులో మార్చినది ఒకే ఒక పంక్తి. 'కిల్ -16' ఉన్నచోట 'కిల్ -ఎస్ యూఎస్ఆర్1' అని వ్రాశాము. ఇందులో 'ఎస్' అన్నది తరువాత వచ్చేది సంకేతపు పేరు అని చెప్పే గుర్తు. యంత్రాలన్నిటికీ ఉమ్మడిగా పోసిక్స్ అనే ప్రమాణం ఉన్నది. షెల్లుకు, దాని ఆజ్ఞలకు సంబంధించిన భాగము 1992లో వెలువడింది. అది పేర్లకే పెద్దపీట వేసింది. అంకెలలో కొద్దిపాటివాటికి మాత్రమే అర్థం స్థిరపరచింది. 1 హప్, 2 ఇంట్, 3 క్విట్, 6 ఎబర్ట్, 9 కిల్, 14 అలారమ్, 15 టెర్మ్. వీటిని వాడినందువల్ల ప్రమాదము లేదు. కాబట్టి పాత స్క్రిప్టులో 15 కనబడిందని ఎవరూ నిద్ర పాడుచేసుకోనక్కరలేదు. మిగిలిన అంకె ఏది కనబడినా ఆగి చూడవలసినదే. ఏదీ పంపకుండా, ఫలానా ప్రోగ్రాము ఇంకా బ్రతికి ఉన్నదా అని విచారించడానికి 'కిల్ -0' అని వాడుతుంటారు. ఆ సున్నా అన్నిచోట్లా సున్నాయే. దానిని అలాగే ఉంచవచ్చును.

పేరు వ్రాయడంలో మాకు ఎక్కువ నచ్చినది చదవడానికి సులువు అన్నది కాదు. తప్పు జరిగినప్పుడు తేడా ఉన్నది. యంత్రానికి తెలియని పేరు వ్రాస్తే, అటువంటి సంకేతమేదీ లేదని షెల్లు అక్కడికక్కడే మొరపెట్టుకొంటుంది. తప్పు అంకె వ్రాస్తే మొరపెట్టుకోవడానికి దానికి కారణమే కనబడదు. పదహారు అనేది ఏ యంత్రంలోనైనా ఎవరో ఒకరి సంఖ్యే కదా. అది నమ్మకంగా వెళ్లి ఆ ఎవరికో కబురు అందజేసి వస్తుంది. తపాలా బంట్రోతు ఇంటి నంబరు చూసి ఉత్తరం వేసి పోయినట్టు. మన ఉత్తరం అందవలసినవారికి అందలేదన్న సంగతి నెల తరువాత తెలుస్తుంది.

'ట్రాప్' విషయంలో ఇంకొంత జాగ్రత్త కావాలి. పాతవారి 0, 1, 2, 3, 15 వరుసలో సున్నా స్థానంలో 'ఎగ్జిట్' అని వ్రాయవచ్చును. అది సంకేతం కాదు. స్క్రిప్టు ఏ కారణంగా ముగిసినా చివరకు చేయవలసిన పని అని అర్థం. అయితే 'ఎగ్జిట్' ఒక్కటే వ్రాసి చేతులు దులుపుకొంటే చాలదు. బ్యాష్ అనే షెల్లు 'ఇంట్' సంకేతంతో ముగిసేటప్పుడు కూడా ఆ ఆఖరి పనిని చేస్తుంది. డ్యాష్ అనే చిన్న షెల్లు చేయదు. హప్, ఇంట్, టెర్మ్ లకు వేరుగా ఒక పంక్తి ఉండవలెను. ఆ పంక్తిలో కూడా చాలామంది చేసే పొరపాటు ఒకటున్నది. తాత్కాలిక ఫైలును తుడిచివేయమని వ్రాస్తారు, అక్కడితో ముగించమని వ్రాయడం మరచిపోతారు. మీట నొక్కితే ఫైలు పోతుంది, స్క్రిప్టు మాత్రం ఏమీ ఎరుగనట్టు తరువాతి పంక్తికి పోయి, లేని ఫైలు కోసం వెదుకుతుంది. తుడిచిన తరువాత ముగింపు కూడా చెప్పవలెను. ఇక 9వ సంఖ్యను 'ట్రాప్' పంక్తిలో చేర్చిన స్క్రిప్టులు మేము అనేకం చూశాము. 'కిల్', 'స్టాప్' అనే రెండు సంకేతాలను ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేదు. ఆ 9 అక్కడ అలంకారానికి మాత్రమే.

పేర్ల ముందు 'సిగ్' అని మూడక్షరాలు చేర్చి వ్రాసేవారున్నారు. సీ భాషలో అలాగే వ్రాయాలి గనుక ఆ అలవాటు. బ్యాష్ దానిని ఒప్పుకొంటుంది. డ్యాష్‌లో 'ట్రాప్'కు అలా వ్రాస్తే ఒప్పుకోదు. ఉబుంటూలో 2006 చివరి కూర్పునుండి, డెబియన్‌లో 2011 కూర్పునుండి 'ఎస్‌హెచ్' అని పిలిస్తే పలికేది డ్యాష్ షెల్లే. సీడాక్ వారు ప్రభుత్వ కార్యాలయాల కోసం రూపొందించిన బాస్ లినక్స్ కూడా డెబియన్ సంతతిదే. కాబట్టి 'సిగ్' లేకుండా, పెద్ద అక్షరాలలో, ఉత్త పేరు మాత్రమే వ్రాస్తే ఎక్కడైనా చెల్లుతుంది.

పేరు వ్రాసినంత మాత్రాన అన్ని చిక్కులూ తీరిపోతాయని చెబితే అది అతిశయోక్తి అవుతుంది. డిస్కు నకలు తీసే 'డీడీ' అనే ప్రోగ్రాము ఉన్నది. లినక్స్‌లో అది గంటలకొద్దీ నడుస్తున్నప్పుడు 'యూఎస్ఆర్1' పంపితే, ఇంతవరకు ఎంత పని అయిందో చెప్పి తన పని తాను చేసుకొంటూ పోతుంది. ఇదే మాట నమ్మి మ్యాక్ మీద 'యూఎస్ఆర్1' పంపితే అక్కడి 'డీడీ' చచ్చి ఊరుకొంటుంది. అక్కడ ఆ వివరం అడగడానికి 'ఇన్ఫో' అని వేరే సంకేతమున్నది, అది లినక్స్‌లో లేదు. ఒకే పేరుగల కబురును రెండు ప్రోగ్రాములు రెండు విధాలుగా అర్థం చేసుకొంటే షెల్లు చేయగలిగినది లేదు. ఆయా ప్రోగ్రాముల మాన్యువలు చదువుకోవలసినదే. అపాచీ వెబ్ సర్వరునే తీసుకోండి. ఉన్న పనులు ముగించి మర్యాదగా ఆగిపొమ్మని దానికి చెప్పే సంకేతము 'వించ్'. ఆ పేరుకు అసలు అర్థం, తెరమీది కిటికీ పరిమాణం మారిందని. ఎవరికి తట్టిందో ఆ ఆలోచన!

ప్రస్తావన వచ్చింది గనుక 'కిల్ -9' గురించి కూడా చెప్పి మా అక్కసు తీర్చుకొంటాము. ఏ ప్రోగ్రాము కాస్త మొరాయించినా వెంటనే తొమ్మిది ప్రయోగించడం మన విభాగాలలో ఒక వీరలక్షణంగా చెలామణి అవుతున్నది. ఆ సంఖ్య అన్ని యంత్రాలలోనూ ఒకటే, ఆ విషయంలో చిక్కు లేదు. చిక్కల్లా, తొమ్మిది అందుకొన్న ప్రోగ్రాముకు ఫైలు మూసుకొనే అవకాశముండదు, తాత్కాలిక ఫైళ్లు తుడుచుకొనే అవకాశముండదు, డేటాబేసు తాళాలు విప్పే అవకాశముండదు. పైన చెప్పిన 'సత్యనా' వంటి సగం పేర్లను మనమే చేతులారా తయారుచేసుకోవడం అది. యంత్రాలను చూసి నేర్చుకోవచ్చును. నేటి లినక్స్ సర్వర్లలో సేవలను నడిపే సిస్టమ్‌డీ ముందు 'టెర్మ్' పంపి, మామూలుగా తొంభై సెకన్లు వేచి చూసి, అప్పటికీ వినకపోతేనే 'కిల్' పంపుతుంది. డాకర్ పది సెకన్లు ఆగుతుంది. మనము ఆ పది సెకన్లు కూడా ఆగలేకపోతున్నాము. తొమ్మిది అని అలవాటుగా కొట్టే చేయి 'కిల్ -ఎస్ కిల్' అని పూర్తిగా కొట్టవలసి వస్తే కాస్త ఆలోచిస్తుందేమోనని మా ఆశ.

విభాగాలలో స్క్రిప్టులు చూసేవారికి ఒక విన్నపము. మీ స్క్రిప్టులన్నీ ఉన్న డైరెక్టరీలో 'గ్రెప్' సాయంతో రెండు వెదకండి. 'కిల్' పక్కన గీత, గీత పక్కన అంకె ఉన్న పంక్తులు ఒకటి. 'ట్రాప్' ఉండి చివర అంకెలతో ముగిసే పంక్తులు రెండు. అక్కడితో ఆగక, లాగ్ ఫైళ్లను మార్చే లాగ్‌రొటేట్ అమరికలలోను, పర్ల్ భాషలో వ్రాసిన చిన్న పనిముట్లలోను కూడా చూడండి. అంకెలు అక్కడ దాగి ఉండడం ఎక్కువ. పైన చెప్పిన ఏడు సంఖ్యలూ సున్నా కాక వేరే ఏది కనబడినా, దానిని వెంటనే మార్చకండి. ఆ స్క్రిప్టు మొదట ఏ యంత్రం మీద వ్రాయబడిందో తెలుసుకొని, ఆ యంత్రంలో ఆ సంఖ్యకు ఏ పేరో చూసి, ఆ పేరు వ్రాయండి. ఈ రోజు మీ ముందున్న యంత్రంలోని పేరు వ్రాస్తే తప్పును పేరుపెట్టి స్థిరపరచినట్టవుతుంది. మేము ఆ పొరపాటు కూడా చేశాము. మొదటి విడత సవరణలో ఒక స్క్రిప్టులోని 17ను ఎదురుగా ఉన్న లినక్స్ పట్టిక చూసి 'చైల్డ్' అని మార్చాము. సొలారిస్‌లో 17 అంటే 'యూఎస్ఆర్2'. వ్రాసినవారు అక్కడ లేకపోయినా టెలిఫోనులో దొరికారు గనుక బయటపడ్డాము.

వ్రాసినవారు దొరికే స్థితిలో ఉండగానే ఈ పని చేయడం మంచిది. పాత యంత్రాలతోపాటు వాటిని ఎరిగినవారు కూడా ఏటేటా పదవీ విరమణ చేస్తున్నారు. మీ వెదుకులాటలో వింత అంకెలు ఏవైనా దొరికితే, అవి ఏ యంత్రం మీద వ్రాయబడినవో కూడా తెలియజేస్తూ గవాక్షం చిరునామాకు వ్రాయండి. వచ్చే సంచికలో రాత్రి పనులను వేళకు లేపే 'క్రాన్' గురించి, ముఖ్యంగా నెలాఖరు తేదీ ముప్ఫైయా ముప్ఫై ఒకటా తేల్చుకోలేక అది పెట్టే తిప్పల గురించి ముచ్చటించుకొందాము.